మూరెడు పాత పడుగు

ఆవడి,
14-2-1982

అక్కకు, బావకు బాలసుబ్రమణ్యం దండాలు.

నీ కార్డు అందింది. రాసే చోటంతా నింపి, చాలక అడ్రసు పక్కన కూడా ఎక్కించావు. పోస్టుమన్ మొత్తం చదువుకుని వచ్చి, "సార్, మీ అక్క పవర్‌లూమ్ పెడతా ఉందంటనే!" అన్నాడు. ఈసారికి కవరు వాడు తల్లీ.

నీ ధైర్యానికి నిజంగా దండం పెట్టాలి. నాన్న పోయాక నాలుగు చేతిమగ్గాల మీద ఇల్లు నడిపావు. ఇప్పుడు వాటిని ఆపేసి మోటారు మగ్గాలు పెడతానంటున్నావు. సరే. ఆడి కృత్తిక పండుగకు కొండెక్కే భక్తుల కోసం మూడు వేల పసుపు తుండ్లు నేసిస్తానని తిరుత్తణి అంగడికి మాట కూడా ఇచ్చావు. అదీ సరే. నిన్ను నమ్మి కుప్పుస్వామి మామ, వళ్ళియమ్మ, ఇంకొక ఇంటివాళ్ళు తమ చేతిమగ్గాలు విప్పేసి షెడ్డు కోసం కాచుకుని కూర్చున్నారు. మగ్గాలేవక్కా? అది తలుచుకుంటే నాకు ఫ్యాక్టరీలో నిలబడ్డచోటే చెమట పడుతోంది.

అందుకే నేనే దిగాను. తిరువళ్ళూరులో ఒక గోదాములో ఎనిమిది పాత పవర్‌లూములు అమ్మకానికున్నాయి. మా సెక్షన్ వరదరాజులు చూపించాడు. ఆకుపచ్చ రంగు పూసి నిగనిగలాడుతున్నాయి. రెండు ఆదివారాలు కూర్చుని ప్రతి షాఫ్టూ, ప్రతి పళ్ళచక్రమూ గేజీ పెట్టి చూశాను. గేజీకి రెండు కొసలుంటాయి. ఒక కొస దూరాలి, రెండోది దూరకూడదు. అలా ఉంటే సరుకు పాసు, లేకపోతే వద్దు. పద్దెనిమిదేళ్ళుగా పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా నేను చేసేది ఇదే పని. నేను పాసు చేసిన సరుకు ఒక్కటి వెనక్కి రాలేదు.

ఆదివారం పొద్దున రైలెక్కి తిరువళ్ళూరులో దిగు. ప్లాట్‌ఫారం మీదే ఉంటాను. నువ్వు చూసి ఊ అంటే చాలు. ఇంకొక మాట, షెడ్డుకు సిమెంటు నేల వేయించు. మరిచిపోవద్దు.

నీ తమ్ముడు,
బాలు


తిరుత్తణి,
23-2-1982

బాలుకు అక్క అమృతవల్లి దీవించి రాసేది. ఈసారి కవరే కొన్నాను, సంతోషమా?

ఆదివారం నేను ఒక్క మాట చెప్పకుండా వెనక్కి రైలెక్కేసినాను. నీకు కోపం వచ్చుంటుంది. అయినా ఆ మగ్గాలు వద్దు బాలూ. అవి ఒట్టి మగ్గాలు. మూరెడు పడుగన్నా వాటి మీద లేదు. దువ్వెనలాంటి ఆ పన్నెలో ఒక్క దారప్పోగు లేదు. అంతా కోసి, తుడిచి, రంగు పూసి నిలబెట్టినారు.

నువ్వు చిన్నప్పుడే ఇల్లు విడిచిపోయినావు, నీకు గుర్తుందో లేదో. మన వీధిలో మగ్గం చేతులు మారిందంటే దాని మీద మూరెడు పాత పడుగు వదిలే ఇస్తారు. కొత్త పడుగు దారాలు ఒక్కొక్కటే ఆ పాత కొసలకు మెలేసి అతుకుతాము. ఒట్టి మగ్గాన్ని ఎవరూ ఇంటికి తేరు. నాన్న ఉండుంటే ఆ గోదాము లోపలికి కూడా వచ్చేవాడు కాదు. ఎందుకో నాకూ తెలియదు. నేను బళ్ళో చదివింది మూడో తరగతి. ఎనిమిదో ఏట నుంచి ఊళ్ళోవాళ్ళ పడుగులన్నీ అతికినాను, నా చదువంతా ఆ వేళ్ళదే. ఆ వేళ్ళు వద్దన్నాయి, నేను వచ్చేసినాను.

పళ్ళిపట్టులో అరుణాచలం అనే ఆయన షెడ్డు మూసేస్తా ఉంటే, మీ బావా నేనూ బస్సులో పోయి చూసి వచ్చినాము. ఆరు మగ్గాలు. తుప్పు, నూనె, దూది, అబ్బబ్బా, చూడలేము. అయితే ఆరింటి మీదా నీలం గళ్ళ లుంగీ సగం నేసి అట్లే ఉంది. ఒక్కొక్క దాని ముందూ కూర్చుని గుడ్డ మీద చెయ్యి పెట్టి చూసినాను. నాలుగు కావాలన్నాను, రెండు వద్దన్నాను. ఆయన నన్నే చూస్తా, "ఎట్ల తెలిసిందమ్మా? నన్ను ముంచింది ఆ రెండే" అన్నాడు.

సిమెంటు నేల మాత్రం వద్దు. మట్టి నేలే, మూరెడు లోతు దించుతాను. దారానికి నేల చలవ కావాలి, లేకపోతే ఎండాకాలం గాలికి పుటుక్కు పుటుక్కుమని తెగుతుంది.

ఇంకొక మాట ఉంది. దాన్ని రాయను.

అక్క


ఆవడి,
1-3-1982

అక్కకు,

వరదరాజులు ముందు నాకు తల కొట్టేసినట్టయింది. వాడికి ఎంత చెప్పి, ఆ యజమాని చేత ఆ మగ్గాలను నీకోసం ఆపించానో నీకు తెలియదు. నువ్వు వెళ్ళాక ఆయన, "ఏం సార్, అక్కగారికి శకునం సరిగా లేదా?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను?

చిన్నప్పుడు నాన్న పక్కన పడుగు పట్టుకుంటే నా చేతికి దారాలు తెగేవి. "నీ చేతికి ఇనుమే తగును, పోరా" అన్నాడు నాన్న. పోయాను. ఆ ఇనుము దగ్గరే ఇన్నేళ్ళుగా ఉన్నాను. దారం గురించి నన్ను అడగవద్దు, ఒప్పుకుంటాను. ఇనుము గురించైనా అడగకూడదా? నేను కొలిచినదాని మీద లేని నమ్మకం ఆ తుప్పు మీద ఎలా వచ్చింది నీకు?

రేపు ఆ నాలుగు మగ్గాలూ మొరాయిస్తే? కొండ మీద పండుగ నీకోసం ఆగుతుందా? కుప్పుస్వామి మామ ఈ వయసులో ఎవరి దగ్గరికి పోయి పని అడుగుతాడు? అదైనా ఆలోచించావా?

ఇకమీదట మగ్గాల సంగతి నాకు రాయవద్దు. నీ షెడ్డు గడప నేను తొక్కను.

సిమెంటు మాత్రం వేయించు.

బాలసుబ్రమణ్యం


తిరుత్తణి,
12-4-1982

తమ్ముడికి,

నీ కోపం కవరు అందింది. బియ్యం డబ్బాలో పెట్టినాను, చల్లారినాక చదువుదామని. నెల పట్టింది.

ఆ రోజు రాయనన్న మాట ఇప్పుడు రాస్తాను, లోపల పెట్టుకుంటే పుండవుతుంది. గోదాములో నువ్వు నాతో తమిళంలో మాట్లాడినావు. పుట్టినప్పటి నుంచి నువ్వు నాతో పోట్లాడింది తెలుగులో, ఏడ్చింది తెలుగులో. ఆ రోజు మాత్రం, "వాంగ అక్కా, పారుంగ" అంటివి, రండి, చూడండి అని ఎవరో బయటి మనిషిని పిలిచినట్టు. మగ్గాల దగ్గరికి పోతున్నామని నేను చెప్పులు గుమ్మం బయట విడిచి వస్తే మీ వరదరాజులు నా కాళ్ళ వైపు చూసినాడు. నువ్వు తల తిప్పుకున్నావు. ఆఫీసువాళ్ళ ముందు ఈ అక్క నీకు నామోషీ అయిందనుకున్నాను. అందుకే నోరు మూసుకుని వచ్చేసినాను. మగ్గాలది ఒక దుఃఖం, ఇది ఇంకొకటి.

సరే, అది పోనీ. ఇప్పుడు నేను చూసింది విను.

నాలుగు మగ్గాలూ లారీలో వచ్చినాయి. వళ్ళియమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చుని, వేళ్ళకు బూడిద పూసుకుని అతకడానికి మొదలుపెట్టినాము. ఒక్కో మగ్గానికి రెండు వేలకు పైన దారాలు. నీలం కొస తీసుకునేది, పసుపు కొస తీసుకునేది, మెలేసేది. ఎనిమిది దినాలు అదే పని. వేళ్ళు వాచి అన్నం కలుపుకోలేకపోయినాము.

కుప్పుస్వామి మామ స్విచ్చికి దండం పెట్టి వేసినాడు. నేల అదిరింది బాలూ! ముందు నీలం గళ్ళే వస్తా ఉన్నాయి. అతుకులు పన్నె దగ్గరికి వచ్చేసరికి నేను కండ్లు మూసుకున్నాను. చేతిమగ్గం అయితే మెల్లగా దాటిస్తాము, ఈ రాక్షసి ఆగుతుందా? "అమ్మా, చూడు" అన్నాడు మామ. కండ్లు తెరిచి చూస్తే పసుపు! రెండు వేల అతుకుల్లో ఒక్కటి తెగలేదు. ఎవరో పళ్ళిపట్టు మనిషి నేసిన లుంగీ కొసన మన తుండు పుట్టుకొస్తా ఉంది. నలభై ఏళ్ళు గుంటలో కాళ్ళు పెట్టి నేసిన కుప్పుస్వామి మామ, "ఇది నేత కాదమ్మా, వాన" అని ఏడ్చేసినాడు. నాకైతే నాన్న లేకపోయెనే అనిపించింది. నువ్వు కూడా.

అక్క


ఆవడి,
9-5-1982

అక్కకు కాళ్ళు పట్టుకుని బాలు రాసేది.

ముందు తమిళం సంగతి. ఆ గోదాము యజమానికి మన మాట రాదు. ఆయన ముందు మనిద్దరం తెలుగులో మాట్లాడుకుంటే ధర దించడానికి గుసగుసలాడుతున్నామని అనుకుంటాడేమోనని అలా మాట్లాడాను, అంతే. నువ్వు నాకు నామోషీనా? నాకు తెలుగు రాయడం నేర్పింది ఎవరు? పలక మీద నా చెయ్యి పట్టి దిద్దించింది ఎవరు? ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? నీ కాళ్ళను చూసి తల తిప్పుకున్నది మాత్రం నిజమే. నా కాళ్ళకు బూట్లున్నాయని అప్పుడు గుర్తొచ్చింది. విప్పాలా వద్దా తెలియలేదు.

రెండోది విను. ఆ ఆకుపచ్చ మగ్గాలను వరదరాజులు బావమరిదే కొన్నాడు. తిరువళ్ళూరులోనే బిగించాడు. నెలరోజులుగా ఏ మగ్గం మీద చూసినా జానెడుకొక గీత, అంచు పాములా వంకర. నన్ను పిలిచారు. మళ్ళీ గేజీ పెట్టాను. ప్రతి భాగమూ పాసే! షాఫ్టు పాసు, చక్రం పాసు, అన్నీ పాసు. కలిపి తిప్పితే గుడ్డ రాదు. చివరికి నీళ్ళ గొట్టం పట్టి మట్టం చూస్తే అసలు చట్రాలే మెలిపడి ఉన్నాయి. ఎప్పుడో ఎక్కడో పడేసిన మగ్గాలు. ముక్క ముక్కగా చూసే నాకు మొత్తం కనబడలేదు. ఫ్యాక్టరీలో నా ముందుకు వచ్చేది ఎప్పుడూ ముక్కే కదా. దానితో ఏం నడుస్తుందో, ఎలా నడుస్తుందో నేను చూసింది ఎప్పుడు?

వరదరాజులు నా పక్కన నిలబడి, "మీ అక్క గుమ్మంలోనే ఎట్ల కనిపెట్టింది?" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

నాకూ అదే కావాలి. ఒట్టి మగ్గంలో నీకు ఏం కనబడింది? గేజీ చేతిలో పట్టుకుని పని మానేసి అదే ఆలోచిస్తున్నాను. మా ఫోర్‌మన్ రెండుసార్లు దగ్గాడు.

సిమెంటు సంగతి నువ్వు రాయలేదు.

బాలు


తిరుత్తణి,
20-6-1982

బాలూ,

నువ్వు అడిగినాక నేను కూర్చుని ఆలోచించినాను. అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు. మగ్గం దాని రోగాన్ని గుడ్డ మీద రాసుకుంటుంది. జానెడుకొక గీత పడితే ఒక రోగం, అంచు వంకరపోతే ఇంకొకటి. ఒకే వరసలో దారం మళ్ళీ మళ్ళీ అతికుంటే పన్నెలో ఆ పన్ను చెడింది. మూరెడు గుడ్డ ఉంటే చాలు, తెలిసిన చేతికి అన్నీ దొరుకుతాయి. అమ్మేవాడు దాన్ని వదిలినాడంటే, ఇదిగో చూసుకో అన్నట్టు. మొత్తం కోసి తుడిచేసినాడంటే మనకు చూపించకూడనిది ఏదో ఉంది.

నాన్న ఇదేమీ చెప్పలేదు బాలూ. ఒట్టి మగ్గం తేకూడదు అన్నాడు, అంతే. ఆయనకు ఆయన నాన్న అంతే చెప్పుంటాడు. లోపల ఇంత సంగతి ఉందని తెలిసేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. ఎవరు పెట్టినారో ఈ పద్ధతి! ఎన్ని మగ్గాలు కొని మోసపోయి పెట్టినారో!

ఇప్పుడు నువ్వు నన్ను తిట్టాల్సింది రాస్తాను. సిమెంటు వేయించలేదు. నేల మూరెడు దించి, పేడతో అలికి, పూటపూటా నీళ్ళు చల్లినాను. దారం పట్టులాగా నడిచింది. కానీ ఇనుము ఊరుకుంటుందా? బోల్టులన్నీ తుప్పు. రెండు మగ్గాల కాళ్ళు మట్టిలోకి దిగి, ఒకటి ఇటు, ఒకటి అటు వాలినాయి. మొన్న అటూ ఇటూ దారం మోసే నాడె ఎగిరి వచ్చి గోడకు గుద్దుకుంది. వళ్ళియమ్మ ఆ క్షణాన వంగింది కాబట్టి సరిపోయింది, లేకుంటే కన్నే పోయేది. ఆ దినమే నాలుగూ ఆపేసినాను. గుంటలో కూర్చుని నేసిన బుద్ధి నాది. మనిషి కాళ్ళకు గుంట కావాలిగానీ మోటారుకు ఎందుకు? నువ్వు మూడు జాబుల్లో రాసినావు. నాకు చెవి లేకపోయింది.

తుండ్లు వెయ్యి కూడా కాలేదు. కృత్తికకు యాభై దినాలు ఉంది. కుప్పుస్వామి మామ పొద్దున వస్తాడు, ఆగిపోయిన మగ్గాల ముందు కాసేపు కూర్చుంటాడు, పోతాడు. నన్ను తిట్టినా బాగుండును. నాకు భయంగా ఉంది బాలూ.

షెడ్డు గడప తొక్కనన్నావు. గడప ఇంకా పెట్టించలేదు, ఒట్టి ద్వారమే. రా.

అక్క


ఆవడి,
11-7-1982

అక్కకు బాలు దండాలు.

క్షేమంగా చేరాను. గోళ్ళలో ఇంకా సిమెంటు ఉంది. నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చినవాణ్ణి పది రోజులు ఉండిపోయినందుకు ఫోర్‌మన్ అరిచాడు. అరవనీ.

మనం కట్టింది తలుచుకుంటే నాకే నమ్మకం కలగడం లేదు. మగ్గం కాళ్ళ కింద మాత్రం సిమెంటు దిమ్మెలు, మధ్యలో నేలంతా నీ మట్టి. నా ఇనుముకు గట్టి నేల, నీ దారానికి చలవ నేల. నీళ్ళ గొట్టం పట్టి నేను మట్టం చూస్తుంటే బావ, "మీ అక్కా తమ్ముళ్ళు ఇద్దరూ కలిస్తే ఒక పూర్తి మనిషి" అన్నాడు. పొగిడాడో తిట్టాడో తెలియలేదు. మూడో రోజుకే పళ్ళిపట్టు నుంచి అరుణాచలం వచ్చి దిమ్మెలు కొలుచుకుని పోయాడు, చూశావుగా. ముందే తెలిసుంటే షెడ్డు మూసేవాణ్ణి కాదన్నాడు, పాపం.

అయితే నా కళ్ళ ముందు ఇప్పటికీ కదులుతున్నది దిమ్మెలు కాదు. నువ్వు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నావు. నాలుగు మగ్గాలూ దడదడా కొట్టుకుంటున్నాయి, నా మాట నాకే వినబడడం లేదు. నువ్వు తల ఎత్తకుండానే, "మూడోదాంట్లో పోగు తెగింది, చూడు మామా" అన్నావు. వెళ్ళి చూస్తే తెగింది! రెండు వేల దారాల్లో ఒక్కటి. ఆ హోరులో ఏం విన్నావు? నేను నిలబడిపోయాను. గుళ్ళో నిలబడ్డట్టు నిలబడ్డాను అక్కా.

ఇప్పుడు కష్టమైన మాట. తుండ్లు చూసిపెట్టమన్నావు, చూశాను. నలభై ఒకటి వద్దన్నాను. మొదటి రోజుల గుడ్డ, అతుకు పైకి కనబడుతోంది. వాటి మూలకు ఎర్ర దారం కట్టి తలుపు వెనక పేర్చాను. నీ మొహం చూసి చెప్పలేక రైలెక్కేశాను. అవి అంగడికి పంపవద్దు. మొదటి సరుకులోనే లోపం పోతే రెండోసారి పిలవరు.

బాలు


తిరుత్తణి,
26-7-1982

బాలుకు,

నలభై ఒకటా! వళ్ళియమ్మ, "నీ తమ్ముడివి కండ్లా, సూదులా?" అన్నది. ముందు నాకూ మండింది. ఎర్ర దారం కట్టిన అతుకులన్నీ నేను వేసినవే. ఒక్కొక్కటీ తడిమి చూసినాను, గట్టిగా ఉన్నాయి. అయినా కంటికి కనబడుతున్నాయి, అది నిజమే. నాలుగు మగ్గాలూ నడుస్తా ఉన్నాయి, అంగడికి కావలసినవి ఈ నలభై ఒకటి లేకుండానే అయిపోతాయి. వీటిని అమ్మను. పారేయను కూడా, వీటికి ఇంకొక దారి ఉంది.

పండుగకు రా. నాలుగు ఇళ్ళవాళ్ళమూ కొండకు పోతున్నాము. కుప్పుస్వామి మామ ఇప్పుడు పాట కూడా పాడతా ఉన్నాడు, వినలేము.

అక్క


ఆవడి,
14-8-1982

అక్కా,

పండుగకు వచ్చాను. నిన్ను కలవకుండానే వెనక్కి వచ్చేశాను. గుంపులో దొరకలేదని అబద్ధం రాయను. దూరం నుంచి చూశాను, దగ్గరికి రాలేకపోయాను. ఎందుకో చెబుతాను.

కొండ కింద నిలబడి పైకి చూస్తే మెట్లు లేవు. కింది నుంచి గోపురం దాకా అంతా పసుపే. అరోహరా అని ఒక కేక లేస్తే ఆ పసుపంతా ఒక్కసారి కదులుతోంది. అందులో మూడు వేలు మన షెడ్డువి! నాకు కళ్ళు తిరిగాయి. కానీ నా బుద్ధి ఎక్కడికి పోతుంది? మెట్లెక్కుతూ ఒక్కొక్కరి నడుము చూస్తూ పోయాను, అంచు సరిగా ఉందా, గీత పడిందా అని. పండుగ పూట నేను ఇన్‌స్పెక్షన్ చేస్తున్నాను!

సగం మెట్లు ఎక్కాక నా ముందు ఒక ముసలాయన కావడి మోస్తున్నాడు. నడుముకు బిగించిన తుండు మూలన ఎర్ర దారం. నేను కట్టిందే. పక్కనే నీ అతుకు. బరువుకు ఆయన కాళ్ళు వణుకుతున్నాయి. తుండు మీదే ఆయన నడుమంతా ఆనుకుని ఉంది. నేను ఆయన వెనకే ఒక్కొక్క మెట్టూ ఎక్కాను, చూపు ఆ అతుకు మీది నుంచి తిప్పలేదు. చివరి మెట్టు దాకా అది కదల్లేదు.

పైన ఆయన కావడి దించాక అడిగాను, "తాతా, ఈ తుండు యాడ కొన్నావు?"

"కొన్నది యాడ సామీ. పాత తుండు దోవలో చినిగిపోయినాది. కింద ఒకమ్మ ఇచ్చినాది. లేనోళ్ళందరికీ ఇస్తా ఉండాది. దీంట్లో అతుకు ఉండాది నాయనా, పరవాలేదా అని అడిగి మరీ ఇచ్చినాది."

కిందికి దిగి వచ్చి చూశాను. మొదటి మెట్టు పక్కన నువ్వూ వళ్ళియమ్మా కూర్చున్నారు. నీ ఒడిలో ఇంకో రెండు మూడు తుండ్లున్నాయి. ఎవరికో నడుముకు చుట్టి ముడి బిగిస్తున్నావు. అక్కడ నీ ముందు ఏడవడం ఇష్టం లేక స్టేషనుకు వెళ్ళిపోయాను.

అక్కా, నేను వద్దన్న సరుకు ఒక ఇనుప తొట్టిలో పడుతుంది. తొట్టి నిండితే తోసుకుపోతారు. ఎక్కడికి పోతుందని పద్దెనిమిదేళ్ళలో ఒక్క రోజు అడగలేదు. నిన్న మొదటిసారి తొట్టి వెనకే నడిచి వెళ్ళి చూశాను. ఫోర్‌మన్ మళ్ళీ దగ్గాడు.

నేను వద్దన్నది తప్పు కాదు, ఇప్పుడైనా వద్దనే అంటాను. నువ్వు ఇచ్చిందీ తప్పు కాదు. ఈ రెండూ ఒక షెడ్డులో ఉండవచ్చునని నాకు తెలియదు, అంతే.

వచ్చే ఆదివారం నుంచి ప్రతి ఆదివారమూ వస్తాను. గేజీ తెస్తాను, మగ్గాలకు. తుండ్లు చూసేటప్పుడు మాత్రం నువ్వు నా పక్కన కూర్చో.

షెడ్డుకు గడప పెట్టించు. తొక్కి లోపలికి వస్తాను.

నీ తమ్ముడు,
బాలు